ఆగర్‌లో పిట్ట, శకునంలో పిట్ట

"ఈ లెక్కలు వచ్చే ఏడాదికి ఆగర్ వెల్ కాదు" అని మీటింగులో మా మేనేజరు అనగానే, పక్కనున్న తెలుగు కుర్రాడు నా చెవిలో "శకునం బాలేదంటున్నాడా అంకుల్?" అన్నాడు. సరదాకే అన్నాడు గానీ, అంతకంటే సరైన అనువాదం నాకైతే తోచదు.

ఆగర్ ఇవాళ ఇంగ్లీషులో రాబోయేదాన్ని సూచించడం అనే క్రియ. లాటిన్‌లో అది ఒక పదవి పేరు. పాతకాలపు రోమ్‌లో పక్షుల్ని చూసి, తలపెట్టిన పనికి దేవతల సమ్మతి ఉందో లేదో చెప్పే పూజారి ఆగర్. చివర వంపు తిరిగిన కర్రతో ఆకాశంలో హద్దులు గీసుకుని కూర్చునేవాడు. కొన్ని పక్షులైతే ఎగిరే తీరు చూడాలి, కాకి, గుడ్లగూబ లాంటివైతే అరుపు వినాలి. మాట పుట్టుక మీద పండితులకు తగువుంది. పక్షి అని అర్థమిచ్చే 'ఆవిస్' నుంచి వచ్చిందని కొందరు, పెంపు అనే అర్థమున్న ధాతువు నుంచని మరికొందరు అంటారు. శుభమనే అర్థంలో వాడే 'ఆస్పిషస్' దగ్గర ఆ గొడవ లేదు, అది అచ్చంగా పక్షిని చూడటమే. ఇక్కడ అమెరికాలో నాలుగేళ్లకోసారి టీవీ ముందు కూర్చుని చూసే అధ్యక్షుడి 'ఇనాగరేషన్'లో ఉన్నదీ ఈ ఆగరే.

మన శకునం మాత్రం? సంస్కృతంలో ఆ మాటకు మొదటి అర్థం పక్షే. శకుంతాలు, అంటే పక్షులు, కాపాడిన పిల్ల కాబట్టే ఆమె శకుంతల. దసరా నాడు పాలపిట్ట కనబడాలని ఊరి బయటికి వెళ్లి చెట్లూ కరెంటు తీగలూ వెతికినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

రోమన్లు యుద్ధానికి వెళ్తే కోళ్లనూ వెంట తీసుకెళ్లేవారు. గింజలు ఆబగా తింటే మంచి శకునం. క్రీ.పూ. 249లో సిసిలీ తీరాన ద్రెపానా దగ్గర క్లాడియస్ పుల్కర్ అనే సేనాని కోళ్లు ముక్కు కూడా పెట్టలేదట. "తినకపోతే తాగనీ" అని వాటిని సముద్రంలోకి విసిరేశాడని కథ. శత్రురాజ్యం కార్తేజ్ చేతిలో 90కి పైగా ఓడలు పోగొట్టుకున్నాడు. మన కుక్కుట శాస్త్రం చదివే పందెగాళ్లు వింటే మురిసిపోతారు. రోమ్‌లో అత్యున్నత అధికారి అయిన కన్సల్ బిబులస్ అయితే క్రీ.పూ. 59లో తోటి కన్సల్ సీజర్ చట్టాల్ని ఆపడానికి, ఇంట్లో కూర్చుని శకునాల కోసం ఆకాశం చూస్తున్నానని కబురు పంపేవాడు. పచ్చి రాజకీయం. అయినా, అక్కడ అడిగింది భవిష్యత్తు కాదు, ఇవాళ ఈ పని చేయొచ్చా అనే. వద్దంటే ఇంకో రోజు మళ్లీ అడగొచ్చు.

నా బాధల్లా ఇక్కడే. మనం శకునాన్ని పిట్ట మీద నుంచి దించి మనిషి నెత్తిన పెట్టాం. ఆ మనిషికి ఇంకో రోజు లేదు. కిందటి ఉగాదికి మా వేడుకలో, ఏళ్ల తరబడి మన పిల్లల చేత అఆలు దిద్దించిన పెద్దావిడను జ్యోతి వెలిగించమని పిలిచారు. భర్త పోయి అప్పటికి ఏడాది. ఆవిడ రెండడుగులు వేసి ఆగి, కొంగు సర్దుకుని, "నేనెందుకమ్మా, ముత్తైదువలెవరినైనా పిలవండి" అని వెనక వరసకి వెళ్లిపోయారు. ఎవరూ ఆపలేదు. నూనెలో నానిన వత్తులు ఐదూ సిద్ధంగా ఉన్నాయి. లైటరు నా చేతిలోనే ఉంది. నేనూ నోరు మెదపలేదు. ఇంటికొచ్చాక మా అమ్మాయి, "టీచర్‌గారు ఎందుకు వెళ్లిపోయారు నాన్నా?" అని అడిగితే మాట మార్చాను.

ఈ ఏడు జ్యోతి వెలిగించేది ఆవిడేనని ఆహ్వానపత్రిక మీదే అచ్చు వేయించమని కమిటీకి రాశాను. "చూద్దాం" అన్నారు. ఆవిడను ఒప్పించే పని నేను పెట్టుకున్నాను, ఆదివారం వెళ్తున్నాను.