సవరణ: సాంద్రార్ పోగొట్టుకున్నది కుడిచెయ్యి

ఫ్రెంచి కవి, నవలాకారుడు బ్లేజ్ సాంద్రార్ గురించి మొన్న రాసినదాంట్లో రెండు తప్పులు దొర్లాయి. పారిస్‌లో పుట్టాడన్నాను. కాదు, 1887లో స్విట్జర్లాండ్‌లో, గడియారాల తయారీకి పేరుపడ్డ లా షో-ద-ఫోన్ అనే ఊళ్లో పుట్టాడు. ఫ్రెంచి పౌరసత్వం 1916లో వచ్చింది.

రెండో తప్పు తల్చుకుంటేనే సిగ్గేస్తోంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఎడమచెయ్యి పోయిందని రాశాను. 1915 సెప్టెంబరులో, షాంపాన్ పోరులో పోయింది కుడిచెయ్యి. రాసే చెయ్యి! తర్వాత ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. 1925 నాటి 'లోర్' నవల, తెగిన చేతి పేరుతోనే 1946లో తెచ్చిన యుద్ధ జ్ఞాపకాలు అలా రాసినవే. చెయ్యి మారిస్తే కథే మారిపోతుంది కదా. సైబీరియా రైలు మీది దీర్ఘకవిత మాత్రం 1913లో, కుడిచెయ్యి ఉండగా వచ్చింది. ఆ సంగతి అప్పుడు సరిగానే రాశాను.