గేర్లు మార్చడం ఎవరి పని?

మొన్న సంక్రాంతికి భీమవరంలో జరిగిన మన ఆత్మీయ సమ్మేళనానికి వచ్చినవాళ్లకు యువవేదిక గుర్తుండే ఉంటుంది. రాబోయే మియాటా అనే స్పోర్ట్స్ కారులో గేరు రాడ్డు ఉంటుందా ఉండదా అని అమెరికాలో పుట్టి పెరిగిన మన పిల్లలు నలుగురు స్టేజీ ఎక్కి వాదించుకున్నారు. సగం తెలుగు, సగం ఇంగ్లీషు అయితేనేం, మంచి చర్చ. అంతలో మైకు ఒక పెద్దాయన చేతికొచ్చింది. "గేర్లు మార్చడం మన డ్రైవర్ల పని బాబూ, కారు కొనేవాడి పని కాదు" అన్నారాయన. హాలంతా ఒకటే నవ్వు. బయట షామియానా కింద చివరి బంతిలో, విస్తరి పక్కన కారు తాళాలు పెట్టుకుని తింటున్న డ్రైవర్లకు ఆ మైకు బాగానే వినపడింది. ఒకాయన చేతిలో పులిహోర ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పక్కాయన తాళాలు తీసి జేబులో వేసుకుని, తలొంచుకుని పెరుగన్నం కలుపుకున్నాడు. తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. ఫోటోలు దిగారు, శాలువాలు కప్పారు, అయిపోయింది.

మర్యాద సంగతి తర్వాత చూద్దాం. అసలు ఆ మాట కారు విషయంలోనే తప్పు.

మియాటా అంటే మాజ్డా ఎంఎక్స్-5. 1989 నుంచి నాలుగు తరాలు వచ్చాయి. ఇప్పుడున్నది 2015 నాటి ఎన్‌డీ. దీని తర్వాతి కారుకు 2.5 లీటర్ల స్కైయాక్టివ్-జెడ్ పెట్రోలు ఇంజను పెడతామని కంపెనీ పెద్దలే చెప్పారు. ఇంజను పెద్దదవుతోంది కాబట్టి గేరు రాడ్డు పోతుందని పిల్లల్లో ఇద్దరి వాదన. అక్కడే పొరబడ్డారు. ఇంజను పెరుగుతున్నది బలం కోసం కాదు, పొగ నిబంధనల కోసం. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఇంజను చల్లబడటానికి కాస్త పెట్రోలు ఎక్కువ పోయడం పాత పద్ధతి. ఇకముందు అది కుదరదు. ఏ వేగంలోనైనా గాలికి తగినంతే పెట్రోలు పోయాలంటే లీటరుకు వచ్చే బలం తగ్గుతుంది. ఆ తగ్గినదాన్ని అర లీటరు పెంచి పూడ్చుకుంటారు.

ఇప్పటి 2 లీటర్ల ఇంజను టార్క్, అంటే ఇరుసును మెలితిప్పే శక్తి, 205 న్యూటన్ మీటర్లు. టర్బో లేని 2.5 లీటర్ల ఇంజను ఇచ్చేది 250 చుట్టుపక్కల. 250ని మోసే మాన్యువల్ గేరు బాక్సు ఈ లోకంలో కొదవా? కొదవల్లా బరువు తక్కువ ఉండే గేరు బాక్సుకే. ఎన్‌డీ బాక్సును కిలో కిలో లెక్క చూసి సన్నగా చేశారు. తొలి ఏళ్లలో అది తట్టుకోవడం లేదని కొన్నవాళ్లు మొత్తుకుంటే కంపెనీ లోపలి భాగాలు మార్చింది. 2019 మోడల్లో రెండు ముక్కల ఫ్లైవీలు, అంటే మధ్యలో స్ప్రింగులు ఉండి ఇంజను అదురును మింగేది, పెట్టింది. కాబట్టి మాన్యువల్ ఉంటుందా అన్నది అసలు ప్రశ్నే కాదు. పాత బాక్సుకే గేర్ల పళ్లు వెడల్పు చేస్తారా, కొత్తది గీస్తారా అన్నది ప్రశ్న. గీస్తే పదో పదిహేనో కిలోలు పెరగకుండా చూడగలరా అన్నది దాని తర్వాతి ప్రశ్న.

ఎన్‌డీ గేర్ల నిష్పత్తులు, అంటే చివరి షాఫ్టు ఒక్క చుట్టు తిరగడానికి ఇంజను ఎన్ని చుట్లు తిరగాలో, చూస్తే ఇంకా రుచిగా ఉంటుంది. మొదటి గేరు 5.087, రెండు 2.991, మూడు 2.035, నాలుగు 1.594, అయిదు 1.286, ఆరు 1.000. ఆ షాఫ్టు నుంచి చక్రాలకు తిప్పుడు అందించే డిఫరెన్షియల్‌ది 2.866. ఇలా వెనక చక్రాలు తిప్పే మామూలు కార్లలో నాలుగో అయిదో డైరెక్టు, అంటే ఇంజనుతో సమానంగా షాఫ్టు తిరిగేది, ఆపైవి ఓవర్‌డ్రైవ్, అంటే ఇంజను కన్నా షాఫ్టే వేగంగా తిరిగేవి. ఇక్కడ ఆరో గేరే డైరెక్టు. హైవే మీద గంటల తరబడి పోయేటప్పుడు లోడు గేరు పళ్ల మీదుగా తిరక్కుండా షాఫ్టులోంచి నేరుగా పోతుంది, రాపిడి నష్టం తగ్గుతుంది. అందుకే డిఫరెన్షియల్ అంత చిన్న అంకె. ఇంజను నిమిషానికి 7,500 చుట్లు తిరిగితే 17 అంగుళాల చక్రాల మీద రెండో గేరులోనే గంటకు 100 కిలోమీటర్లు దాటుతుంది. రాజోలు నుంచి మలికిపురం దాకా రెండో గేరు దాటే పనే ఉండదన్నమాట, ఇరుగూ పొరుగూ తిట్టుకోకపోతే.

కొత్త 2.5 ఇంజను 7,500 దాకా తిరుగుతుందని నేననుకోను. 6,500 దగ్గర ఆగితే ఇవే గేర్లలో రెండోది 88తో సరి. 100 అందుకోవడానికి మరో గేరు మార్చాలి, కాగితం మీద సెకన్లు పెరుగుతాయి. అది అమ్మకాల విభాగానికి నచ్చదు. నా పందెం డిఫరెన్షియల్ మీద: 2.866 నుంచి 2.5 దగ్గరికి దించుతారు. టార్క్ పెరిగింది కాబట్టి ఇంజను దాన్ని లాగగలదు.

గేరు రాడ్డు పోయిన కార్లు లేవా అంటే ఉన్నాయి, వాటి కారణాలు వాటికున్నాయి. 2020 షెవర్లే కార్వెట్‌కు ఇంజను వెనక్కి జరిపి, రెండు క్లచ్‌ల 8 గేర్ల బాక్సు ఒక్కటే ఇచ్చారు. ఒక క్లచ్ 3, 5 లాంటి బేసి గేర్లను పడుతుంది, ఇంకొకటి సరి గేర్లను. మూడులో పోతుండగానే నాలుగు సిద్ధంగా ఉంటుంది కాబట్టి లాగుడు తెగదు. అంత వేగంగా మార్చడం మనిషి చేతికి సాధ్యం కాదు, ఒప్పుకోవాల్సిందే. 2025 డిసెంబరులో టొయోటా చూపించిన జీఆర్ జీటీ సంగతి ఇంకో రకం. 4 లీటర్ల వీ8కి మోటారు తోడై 850 న్యూటన్ మీటర్ల పైమాటే. 8 గేర్ల ఆటోమేటిక్ బాక్సు వెనక ఇరుసు దగ్గర, మామూలు ఆటోమేటిక్‌లలో క్లచ్ పని నూనెతో చేసే టార్క్ కన్వర్టర్ బదులు నూనెలో మునిగే క్లచ్. అంత టార్క్‌ను ఎడమ కాలితో పట్టాలంటే పెడలు ఎంత గట్టిగా ఉండాలో ఊహించుకోండి. హోండా ప్రెల్యూడ్ మరీ విచిత్రం. హైబ్రిడ్ కారు, లోపల మార్చడానికి గేర్లే లేవు, ఒక బటన్ నొక్కితే 8 గేర్లు మారినట్టు శబ్దం, కుదుపు పుట్టిస్తుంది. అరిటాకు బొమ్మ వేసిన ప్లాస్టిక్ పళ్లెంలో భోజనం పెట్టినట్టు.

తిరిగొచ్చిన గేర్లూ ఉన్నాయి. పోర్షే 2013లో 911 జీటీ3ని పీడీకే అనే తన రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ బాక్సుతో మాత్రమే ఇచ్చింది. కొనేవాళ్లు గొడవ చేశారు. 2016లో మాన్యువల్‌తో 911 ఆర్ అని 991 కార్లు చేస్తే ఎగబడ్డారు. 2017 జీటీ3కి మాన్యువల్ వచ్చేసింది. టొయోటా సూప్రా 2019లో 8 గేర్ల ఆటోమేటిక్‌తోనే మొదలై, 2022లో 6 గేర్ల మాన్యువల్ తెచ్చుకుంది. ఆ కార్లు కొన్నవాళ్లు ఎవరి దగ్గరా డ్రైవర్లుగా చేసేవాళ్లు కాదు. గేర్లు తామే మార్చుకుంటామని పట్టుబట్టినవాళ్లు.

ఆటోమేటిక్‌ను తిట్టడం నా ఉద్దేశం కాదు. పండగ మూడు రోజులూ పాలకొల్లు దాటాలంటే గంట నత్తనడకే. టార్క్ కన్వర్టర్ బండి అక్కడ ప్రాణానికి హాయి. అయితే ఆటోమేటిక్ అని పేరున్నవన్నీ ఒకటి కావు. నూనెలో మునగని పొడి క్లచ్‌లు రెండున్న డ్యూయల్ క్లచ్ బండి ధాన్యం ట్రాక్టరు వెనక అరగంట పాకితే, లోపల జరిగేది హాఫ్ క్లచ్చే, తొక్కేది కంప్యూటరు అంతే. వేడెక్కి హెచ్చరిక లైటు వెలుగుతుంది. ముందు బండికి నాలుగు బారల జాగా వదిలి, ఒక్కసారి కదిలి, పూర్తిగా ఆగడమే దానికి మందు. అంగుళం అంగుళం పాకించకూడదు.

మన డ్రైవర్ల చేతి నేర్పు గురించి ఎంతైనా చెప్పొచ్చు. కాలవ గట్టు మీద ఎదురుగా లారీ వస్తే వంద గజాలు రివర్సులో పోతారు, చక్రానికీ గట్టు అంచుకూ మధ్య జానెడు మన్ను ఉంటుంది. అయినా వాళ్లవీ కొన్ని ముద్దుగా పెంచుకున్న జబ్బులు. ఎడమ కాలు క్లచ్ మీదే ఉంచి నడపడం మొదటిది. పెడలు పావు అంగుళం నొక్కుకుని ఉన్నా క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగు తిరుగుతూనే ఉంటుంది, అరుపు మొదలై చివరికి గేరు బాక్సు దింపే దాకా వస్తుంది. చించినాడ వంతెన ఎక్కుడులో బండి ఆగితే హ్యాండ్ బ్రేక్ వేయకుండా హాఫ్ క్లచ్ మీద నిలబెట్టడం రెండోది. కాలిన వాసన వస్తే క్లచ్ ప్లేటు మీద అద్దం లాంటి పొర కట్టిందనే. వంతెన దిగుడులో పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ చేస్తారు. ఇది పూర్తిగా తలకిందులు. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లు గేరులో ఉండి కాలు తీస్తే పెట్రోలు పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనే తాగుతాయి.

క్లచ్ పోయిందో లేదో తేల్చుకోవడానికి మెకానిక్కు అక్కర్లేదు. ఖాళీ రోడ్డు మీద గంటకు 40లో టాప్ గేరు వేసి పూర్తిగా తొక్కండి. చుట్ల ముల్లు లేచి బండి లేవకపోతే ప్లేటు జారుతోంది. రివర్సు వేస్తుంటే కర్రుమంటే ప్లేటు విడవడం లేదు, ముందు క్లచ్ ఆయిల్, గాలి చూడాలి. విప్పాక ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కలిపే మార్చాలి. డబ్బు మిగులుతుందని ప్లేటు ఒక్కటే మార్చడం మన ఊళ్ల అలవాటు. ఏడాది తిరక్కముందే మళ్లీ బాక్సు దింపుతారు, కూలీ రెండుసార్లు. గేరు ఆయిల్ జీఎల్-4 రకం కావాలని పుస్తకంలో ఉంటే జీఎల్-5 పోయకండి. అందులోని గంధకం మందులు, గేర్లు కర్రుమనకుండా కలిపే ఇత్తడి సింక్రో రింగులను తినేయొచ్చు.

ఇది మాత్రం మనకోసం. ఏడాదికి ఒక్కసారి వచ్చి నడిపే కారును నర్సాపురం పక్కన షెడ్లో పెట్టి తాళం వేసి వెళతాం. ఉప్పుగాలికి ఫ్లైవీలు తుప్పు పట్టి ప్లేటు దానికి అతుక్కుపోతుంది. వచ్చాక పెడలు తొక్కినా గేరు పడదు, "డ్రైవరు పాడు చేశాడు" అంటాం. పాడు చేసింది తాళం. నెలకోసారి స్టార్టు చేయడం చాలదు, నాలుగైదు కిలోమీటర్లు నడిపి గేర్లన్నీ మార్చాలి. అతుక్కుంటే ఇంజను వేడి చేసి ఆపి, ముందు పది బారల ఖాళీ చూసుకుని, రెండో గేరులో క్లచ్ పూర్తిగా తొక్కి స్టార్టు చేసి, బండి కదలగానే బ్రేకు గట్టిగా కొట్టాలి. రెండు మూడుసార్లకు చాలావరకు ఊడొస్తుంది.

సంఘం కార్యవర్గానికి నా మనవి ఒకటే. ఆ నలుగురు పిల్లలకూ, ఇంకా కావలసినవాళ్లకూ వచ్చే పండక్కి క్లచ్ నేర్పించండి. నేర్పేది చివరి బంతిలో కూర్చున్న ఆ డ్రైవర్లే. పండగ మామూలు అని చేతిలో నోటు పెట్టొద్దు, డ్రైవింగ్ స్కూలుకు కట్టినంత ఫీజు కట్టండి, పిల్లల చేత "గురువుగారూ" అనిపించండి. అమెరికా పిల్లలకు రెండు చిక్కులుంటాయి. అక్కడ గేరు రాడ్డు కుడిచేతి పక్కన, మొదటి గేరు తమ వైపుకు లాగి పైకి తోయాలి. ఇక్కడ ఎడమచేతి పక్కన, అదే మొదటి గేరు తమకు దూరంగా నెట్టి పైకి. పెడల్స్ వరుస మాత్రం రెండు చోట్లా ఒకటే, కాబట్టి కాళ్లకు భయం లేదు, చేయి ఒక్కదానికే కొత్త. అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ మాత్రం బయలుదేరే ముందే తీసుకోవాలి.

మొదటి గంటలో యాక్సిలరేటర్ ముట్టుకోనివ్వొద్దు. చదునైన జాగాలో మొదటి గేరు వేసి, అయిదు లెక్కపెడుతూ క్లచ్ వదిలితే చాలు, బండి దానంతటదే కదులుతుంది. ఇరవైసార్లు. ప్లేటు ఎక్కడ పడుతుందో పాదానికి తెలిశాక యాక్సిలరేటర్, ఆ తర్వాతే వంతెన ఎక్కుడులో హ్యాండ్ బ్రేక్ వేసి కదలడం. ఇదంతా ముక్కనుమ నాడు పొద్దున్నే పెట్టండి. కనుమ నాడు వద్దు, జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పోయే జనంతో కోనసీమ రోడ్ల మీద కొత్త చేతులకు చోటుండదు.