పందికి మేత ఏ పద్దు కింద?

జాతీయ హరిత హైడ్రోజన్ (సౌర, పవన విద్యుత్తు లాంటి వాటితో తయారుచేసే హైడ్రోజన్) మిషన్‌కి 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన మొత్తం 19,744 కోట్లు. అందులో పరిశోధన, అభివృద్ధికి 400 కోట్లు. నూటికి రెండు రూపాయలు. పెళ్లి ఖర్చులో సన్నాయి మేళం వాటా ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది. హైడ్రోజన్‌ని పుట్టించడం, దాచడం, మోయడం, వాడటం, పేలకుండా చూడటం, ఇన్నిటి పరిశోధనా ఆ రెండు రూపాయల్లోనే. హైడ్రోజన్ మోసే పైపులైన్ల పరిశోధన చేతికొచ్చేది చిల్లర. అయితేనేం, కాగితం మీదికెక్కితే ప్రతి పైపూ 'అధునాతన' పైపే.

డబ్బు చిల్లరే కానీ పని చిన్నది కాదు. హైడ్రోజన్ పరమాణువు ఉక్కులోకి దూరి, వెల్డింగ్ పక్కన గట్టిపడిన చోట చేరి, ఉక్కుని పెళుసు చేస్తుంది. ఎంత పెళుసో తేలాలంటే 100 బార్ల ఒత్తిడిలో (మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు వంద రెట్లు) ఉన్న హైడ్రోజన్‌లో ఉక్కు ముక్కని లాగి వదిలి, లాగి వదిలి, పగులు ఎంత పాకిందో కొలవాలి. గబగబా లాగితే ఉక్కు బుద్ధిమంతురాలిలా నటిస్తుంది. నెమ్మదిగా లాగితేనే గుట్టు బయటపడుతుంది. దానికి వారాలు పడతాయి. ఈలోగా మార్చి 31 వచ్చి 12-ఏ ఫారంలో వినియోగ ధ్రువపత్రం (ఇచ్చిన నిధులు ఖర్చయ్యాయన్న కాగితం) అడుగుతుంది. పగులు ఇంకా సగం దూరంలోనే ఉంది సార్ అంటే, మిగతా సగం ఈ ఆర్థిక సంవత్సరంలోనే పాకించెయ్యమంటారు.

సూరత్ దగ్గర ఎన్‌టీపీసీ వారి కవాస్ టౌన్‌షిప్‌లో 2023 జనవరిలో పైపుల్లో వచ్చే వంటగ్యాసులో (సహజవాయువులో) హైడ్రోజన్ కలపడం మొదలెట్టారు, 5 శాతంతో. అది ఘనపరిమాణం లెక్క. పొయ్యి మీది గిన్నెకి అందే వేడిలో దాని వాటా రెండు శాతం కూడా రాదు. 20 శాతం కలిపినా వేడిలో ఏడే. పాలల్లో నీళ్లు కలిపేవాడు కూడా ఇంత గొప్పగా ప్రకటించుకోడు.

ఇక నిధుల కమిటీ ముందు పంది కథ. (పైపులో గ్యాసు ఒత్తిడికి జారుకుంటూ పోయే పరికరాన్ని పిగ్ అంటారు.) ఒక ప్రొఫెసర్ గారు అంచనాలో 'ఇంటెలిజెంట్ పిగ్, 1' అని రాశారనుకోండి.

"పంది కొనడానికి పశుసంవర్ధక శాఖ ఎన్‌ఓసీ ఏదండీ?"

"పంది కాదు సార్, యంత్రం. అయస్కాంతాలుంటాయి. పైపు గోడ పలచబడిన చోట అయస్కాంత క్షేత్రం బయటికి తన్నుకొస్తుంది, సెన్సర్లు పట్టుకుంటాయి."

"తెలివైనదే ఎందుకు? మామూలు పంది చాలదా?"

"ముందు మామూలువే పంపుతాం సార్. ఒకటి బ్రష్షులతో తుడుస్తుంది. ఇంకోదానికి అల్యూమినియం బిళ్ల ఉంటుంది. బిళ్ల వంగి వచ్చిందంటే లోపల సొట్ట ఉన్నట్టు. సొట్ట లేదని తేలాకే తెలివైనది వెళ్తుంది. లేకపోతే మధ్యలో ఇరుక్కుంటుంది."

"అంటే మూడు పందులు. కొటేషన్లు ఏవీ? మేత ఏ పద్దు కింద చూపించారు?"

కమిటీ వాయిదా. మినిట్స్‌లో ఒక్క వాక్యం: 'జంతు సంక్షేమంపై స్పష్టత కోరడమైనది.'

నవ్వుకున్నారుగా, ఇక కోనసీమకి రండి. అక్కడో ఊరి పేరు నగరం, ఊరు మాత్రం కొబ్బరితోటల మధ్య పల్లె. 2014 జూన్ 27 తెల్లవారుజామున అక్కడ ప్రభుత్వ గ్యాసు సంస్థ గెయిల్ వారి 18 అంగుళాల పైపులైను పేలి ఇరవై మందికి పైగా కాలిపోయారు. గ్యాసు కారుతోందని ముందే మొత్తుకున్నామని ఊరివాళ్లు ఆ రోజే చెప్పారు. నీరు తీసేసిన పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో తడి గ్యాసు పంపారు. ఆ తడి పల్లంలో, గొట్టం అడుగున నిలుస్తుంది. పైపులైన్ల వాళ్ల భాషలో అది గడియారం ఆరు గంటల స్థానం. గ్యాసులోని కార్బన్ డయాక్సైడ్ ఆ నీటిలో కరిగి ఆమ్లమై ఉక్కుని తినేస్తుంది.

దీనికి మందు కనిపెట్టడానికి ఏ మిషనూ అక్కర్లేదు. టవర్‌లో గ్యాసు కింది నుంచి పైకి, ట్రై ఇథిలిన్ గ్లైకాల్ అనే ద్రవం పైనుంచి కిందికి. గ్లైకాల్ నీటిని పీల్చుకుంటుంది. దాన్ని 200 డిగ్రీల దాకా కాచి, నీటిని వెళ్లగొట్టి, మళ్లీ వాడుకుంటారు. తాతల నాటి పద్ధతి. నిద్రలేవని పిల్లలు మంచాల మీదే బొగ్గయ్యారంటే ఏ అధునాతన పరిజ్ఞానం తక్కువైందయ్యా? తక్కువైంది సిగ్గు. దానికి ఏ బడ్జెట్‌లో పద్దు తెరుస్తారు?

సహజవాయువు గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. హైడ్రోజన్‌కి 4 నుంచి 75. పగటి వెలుగులో దాని మంట కంటికి ఆనదు కూడా. గ్యాసులో తడి ఆరబెట్టలేనివాళ్లు రేపు దీన్ని మోస్తారట. తెలివైన పంది ఫైలు మాత్రం ఇంకా మేత పద్దు దగ్గరే ఇరుక్కుని ఉంది.