నాయనమ్మ పడిందని వాడికి చెప్పాలా?

తమ్ముడు సైన్యంలో అగ్నివీర్‌గా ఎంపికై హైదరాబాద్ గోల్కొండలో ఆర్టిలరీ సెంటర్‌లో ఉన్నాడు. 31 వారాల ట్రైనింగ్‌లో ఇప్పుడు తొమ్మిదో వారం. ఇక్కడ గుంటూరులో మూడు వారాల కిందట నాయనమ్మ బాత్‌రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చుకున్నాం, ఇంకా మంచం దిగలేదు. ఆ సంగతి తమ్ముడికి తెలియదు.

చెప్పొద్దన్నది మావయ్య, అమ్మకు సొంత తమ్ముడు. 17 ఏళ్ళు సర్వీసు చేసి 2014లో హవల్దార్‌గా బయటికొచ్చాడు, ఇప్పుడు ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో సెక్యూరిటీ చూస్తున్నాడు. చెప్పి తీరాలన్నది అమ్మ. శనివారం రాత్రి మా బ్రాడీపేట ఇంట్లో జరిగిన వాదన ఇది. నేను అమ్మ పక్షం, అది ముందే చెప్పేస్తున్నా. నాన్న కూడా అక్కడే ఉన్నాడు. టీవీ సౌండ్ తగ్గించాడు, ఈ చర్చలో ఆయన వాటా అంతే.

మావయ్య: రేపు సాయంత్రం వాడు ఫోన్ చేస్తాడు. అందరూ ఒకే మాట మీద ఉండండక్కా. అత్తయ్య తెనాలిలో కూతురింటికి వెళ్ళింది, పది రోజులు అక్కడే ఉంటుంది. సరేనా?

అమ్మ: మొదటి ఆదివారం పడుకుందన్నాం. సాయంత్రం అయిదింటికి పడుకునే మనిషా ఆమె? పోయిన వారం గుడికెళ్ళిందన్నాం. అప్పుడు చిన్నోడు ఏమన్నాడో తెలుసా? "గుడికెళ్తే చెప్పులు వరండాలో ఉండవుగా, ఒకసారి కెమెరా అటు తిప్పమ్మా" అన్నాడు. సిగ్నల్ లేదని కట్ చేశాను. కన్న కొడుకు ఫోన్ కట్ చేశాన్రా నేను.

(చెప్పులు వరండాలోనే ఉన్నాయి. ఆవిడ పడిన రోజు నుంచి వాటిని ఎవరం కదపలేదు.)

మావయ్య: వాడికి అనుమానం వస్తే రానీ. అనుమానం వేరు, తెలియడం వేరు. లోపల బతుకు ఎట్టా ఉంటుందో నీకు తెలియదు. తెల్లారకముందే లేపుతారు. పీటీ, ఆ తర్వాత డ్రిల్, ఆ తర్వాత క్లాసులు. రాత్రి రోల్ కాల్ అయ్యాక బూట్లు పాలిష్ కొట్టుకుని పడుకుంటే, కళ్ళు మూశామో లేదో విజిల్. ఉస్తాద్, అంటే ట్రైనింగ్ ఇచ్చేవాడు, "దాహినే ముడ్" అంటాడు, కుడికి తిరగమని. హిందీ రాని మనవాడు ఎడమకు తిరుగుతాడు. ఇంకేముంది, ప్లటూన్ మొత్తానికి రగడా. ఒకడి తప్పుకు అందరూ ఫ్రంట్ రోల్స్ కొట్టాలి. అందుకే అక్కడ మనసు ఇంటి మీద ఉన్నవాణ్ణి ఉస్తాద్ కంటే ముందు పక్క మంచం వాడే తిడతాడు.

అమ్మ: తిట్లు తినలేక వచ్చేస్తాడనా నీ భయం? 1600 మీటర్లు అయిదున్నర నిమిషాల్లో ఊరికే పరిగెత్తాడా? ఎనిమిది నెలలు రోజూ నాలుగింటికి వాణ్ణి లేపి రాగి జావ చేతికిచ్చింది ఎవరు? నేను కాదు, నువ్వు కాదు. ఆ మంచం మీదున్న మనిషి. ఆమెకేమైందో తెలుసుకునే హక్కు వాడికి లేదా?

మావయ్య: హక్కు గురించి కాదక్కా నేనంటున్నది. ఒక సంగతి చెప్తా విను. బెంగళూరు మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ సెంటర్‌లో నా బ్యాచ్‌లో ప్రకాశం జిల్లా కుర్రాడొకడు ఉండేవాడు. మంచి పరుగు, మంచి గురి. ఫైరింగ్ టెస్టుకు రెండు రోజుల ముందు ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది, చెల్లెలికి బాగోలేదని. రేంజ్‌లో పడుకుని రైఫిల్ పట్టుకున్నాడు, చేతులు వణుకుతున్నాయి. ఉస్తాద్ గమనించి రైఫిల్ లాక్కున్నాడు. ఆ రోజు టెస్టు పోయింది, ఆ తర్వాత జ్వరం, మరి రెండు టెస్టులు పోయాయి. కింది బ్యాచ్‌లోకి రెలిగేట్ చేశారు. మేమంతా కసమ్ పరేడ్‌లో ప్రమాణం చేస్తుంటే వాడు పక్క గ్రౌండ్‌లో కొత్త పిల్లలతో డ్రిల్ చేస్తూ మా వైపు చూశాడు. ఆ చూపు నాకింకా గుర్తుంది. చెల్లెలికి ఏమైందనుకున్నావు? టైఫాయిడ్. ఉత్తరం వాడి చేతికి వచ్చేటప్పటికే తగ్గిపోయింది.

(ఇక్కడ అమ్మ కాసేపు మాట్లాడలేదు. నా దగ్గరా జవాబు లేదు. మావయ్య చేతుల్లో ఏదో కనపడని తుపాకీ ఉన్నట్టు వేళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు.)

అమ్మ: ఆ ఉత్తరంలో ఏం రాశారు?

మావయ్య: ఏం రాస్తారు? చెల్లికి ఒంట్లో బాగోలేదు, నువ్వేం దిగులు పడమాక, దేవుడున్నాడు అని.

అమ్మ: అదీ సంగతి. అది చెప్పడం కాదురా, సగం చెప్పడం. జబ్బు పేరు లేదు, డాక్టరు ఏమన్నాడో లేదు, తగ్గుతోందో పెరుగుతోందో లేదు. పైగా దిగులు పడొద్దని ఒక మాట! ఆ మాట చూస్తే ఎవడికైనా చేతులు వణుకుతాయి. మిగతా సగం వాడు తన బుర్రలో రాసుకున్నాడు, చెల్లెల్ని చంపేసుకున్నాడు. అదే కాగితం మీద టైఫాయిడ్, మందులు వాడుతున్నాం, జ్వరం దిగింది, నువ్వు రానక్కర్లేదు అని నాలుగు ముక్కలుంటే వాడు గురి చూసి కొట్టేవాడు. ఇప్పుడు మన చిన్నోడు చేసేదీ అదే. రాత్రిళ్ళు పడుకుని తన కథ తను రాసుకుంటున్నాడు. ఆ కథలో నాయనమ్మ బతికుందో లేదో నీకు తెలుసా?

మావయ్య: అట్టా అంటే ఎట్టా అక్కా? మా రోజులు వేరు. నేను చేరినప్పుడు రికార్డు మరీ చెడకపోతే 17 ఏళ్ళు, ఆ తర్వాత పెన్షన్. ఒక టెస్టు పోయినా బతుకు పోయేది కాదు. వీళ్ళకట్టా కాదు. నాలుగేళ్ళు. మొదటి ఏడాది నెలకు 30 వేలు, అందులో చేతికొచ్చేది 21 వేలు, మిగతాది సేవానిధిలోకి, అంటే చివర్లో ఒకేసారి ఇచ్చే డబ్బులోకి. నాలుగేళ్ళు నిండాక నూటికి పాతిక మందికి మించి ఉంచుకోరు, మిగతావాళ్ళకు ఆ పన్నెండు లక్షల లోపు డబ్బు ఇచ్చి ఇంటికి పంపుతారు. పెన్షన్ లేదు. ఆ పాతికలో ఉండాలంటే మొదటి రోజు నుంచీ రికార్డు బాగుండాలి. మనం ఇక్కడ నిజాయితీ అనుకుంటూ కూర్చుంటే అక్కడ వాడి నంబరు కిందికి పోతుంది. మాధవరం వెళ్ళి చూడు, మిలిటరీ మాధవరం. తాడేపల్లిగూడెం పక్కనే. తరతరాలుగా ఇంటింటి నుంచీ ఫౌజుకు వెళ్ళిన ఊరు. అక్కడి ఆడవాళ్ళు ఇట్టా వాదించరు. ఏది చెప్పాలో, ఏది కడుపులో పెట్టుకోవాలో వాళ్ళకు తెలుసు.

అమ్మ: ఊరంతా మిలిటరీ కాబట్టి వాళ్ళకు చెల్లింది. రాత్రి నిద్రపట్టకపోతే పక్కింటి గడపలో కూర్చుంటే చాలు, ఆమె కొడుకూ అక్కడే ఉంటాడు. మా వీధిలో వీడొక్కడే. నేను దిగులుగా కనపడితే "ఇంజనీరింగ్ చదివించాల్సింది పిన్నీ" అంటారు. ఇంకో మాట. కిందటి ఏడు, 2025 మేలో, సత్యసాయి జిల్లా కుర్రాడు మురళీ నాయక్ సరిహద్దులో పోయాడని టీవీలో చూశాం. అతనూ అగ్నివీరే. అప్పుడు చిన్నోడు రోజూ గ్రౌండ్‌కెళ్ళి పరుగు ప్రాక్టీసు చేస్తున్నాడు. ఆ రాత్రి వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి "చూశావుగా, ఇంకా వెళ్తావా?" అని అడిగాను. "వెళ్తా" అన్నాడు. చావు గురించి వాడితో దాపరికం లేకుండా మాట్లాడినదాన్ని, ఇప్పుడు తుంటి ఎముక గురించి అబద్ధమాడాలా? తుపాకీ ఇవ్వొచ్చు గానీ నిజం ఇవ్వకూడదా వాడి చేతికి?

మావయ్య: నువ్వు నిజాల గురించి మాట్లాడమాక. 2000లో నీ పెళ్ళికి నాకు టెలిగ్రాం కొట్టించింది ఎవరు? "నాన్న సీరియస్, వెంటనే బయలుదేరు." మర్చిపోయావా?

(ఇక వాదన తమ్ముణ్ణి వదిలేసి పాతికేళ్ళు వెనక్కి పోయింది.)

అమ్మ: అది నాన్న కొట్టించాడు.

మావయ్య: డబ్బులిచ్చింది నువ్వు. పోస్టాఫీసుకు పోయింది బావగారి తమ్ముడు. నేను ఏడ్చుకుంటూ సుబేదార్ సాబ్ దగ్గరికెళ్తే ఆయన కాగితం చూసి నవ్వాడు. "మీ ఆంధ్రావాళ్ళ నాన్నలంతా మాఘమాసంలోనే సీరియస్ అవుతారేం?" అన్నాడు. పాపం పోనీలే అని పది రోజులు సెలవిచ్చాడు. రాత్రంతా రైల్లో జనరల్ బోగీలో తలుపు దగ్గర నిలబడి వచ్చాను. ఇంటికొచ్చి చూస్తే నాన్న పందిరి కింద తాంబూలాలు సర్దుతున్నాడు. నన్ను చూసి "వచ్చావా, ఆ కుర్చీలు అటు వేయించు" అన్నాడు!

అమ్మ: నువ్వు లేకుండా పెళ్ళెట్టా చేస్తార్రా? ఒక్కగానొక్క తమ్ముడివి.

మావయ్య: అప్పుడు సంతోషమే అనుకో. కానీ ఆ తర్వాత 2003లో నాన్నకు నిజంగా గుండెనొప్పి వచ్చినప్పుడు ఏమైంది? మళ్ళీ అదే టెలిగ్రాం, అవే మాటలు. నేను నమ్మలేదు. ఈసారి ఎవరి పెళ్ళో అనుకుని జేబులో పెట్టుకున్నాను. రెండు రోజులు ఆగి ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను.

(నాన్న టీవీ పూర్తిగా కట్టేశాడు. తాతయ్య ఆ రెండో రోజు రాత్రే పోయాడు. ఈ టెలిగ్రాం కథ ప్రతి సంక్రాంతికీ వింటాం, నవ్వుతాం. కుర్చీల దగ్గరే ఎప్పుడూ ఆగిపోయేది. జేబు సంగతి నేను వినడం ఇదే మొదటిసారి.)

అమ్మ: ఆ పాపం మాదే. నువ్వు దీన్ని నా మీదికి విసిరావు గానీ, నేను చెప్పేదీ అదే కదరా. ఒకసారి అబద్ధం చెప్పాం, ఆ తర్వాత నిజం చెప్పినా నువ్వు నమ్మలేదు. రేపు తెనాలి అంటాం. ఎల్లుండి ఆమెకు నిజంగా తగ్గుతుంది, మంచం మీద కూర్చోబెట్టి ఫోన్ చేతికిస్తాం, బాగానే ఉందంటాం. వాడు నమ్ముతాడా? ఇంకో ఏడాదికి వాడు ఏ మంచుకొండ మీదో ఉంటాడు. నేను ఫోన్ చేసి ఇక్కడంతా బాగానే ఉన్నాం అంటే ఆ మాటకు విలువ ఉండాలా వద్దా? నేను వాడికి పంపగలిగింది ఆ ఒక్క మాటే. పచ్చడి పంపితే లోపలికి పోనిస్తారో లేదో నాకు తెలియదు. గోల్కొండ ఎంత దూరం, రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతాం, అయినా గేటు బయట నిలబడి చేసేదేం లేదని నువ్వే అన్నావు. ఇక నా దగ్గర మిగిలింది నోరొక్కటే.

అయినా ఒకటి అడుగుతా. వాడి కోసమే దాస్తున్నామా మనం? వాడు ఫోన్‌లో ఏడిస్తే వినలేం, అందుకు దాస్తున్నాం. వాడు ఏడిస్తే ఏం చెప్పాలో నీకూ తెలియదు, మీ బావకూ తెలియదు. ఆయన మూడు వారాలుగా ఆదివారం సాయంత్రం అయ్యేసరికి పాలప్యాకెట్ అని బయటికి పోతున్నాడు.

నాన్న: పాలు నిజంగానే అయిపోయాయి.

(మూడు వారాలూనా అని నేను అడగలేదు.)

మావయ్య: నువ్వెన్ని చెప్పినా నాకు మనసొప్పడం లేదక్కా. ఏడుస్తాడు, ఆ రాత్రి తినడు. పొద్దున్నే పీటీలో వెనకబడతాడు. అది ఖాయం.

అమ్మ: ఏడవనీ. పక్క మంచం వాడు తిడతాడన్నావుగా, వాడే నీళ్ళ బాటిల్ కూడా ఇస్తాడు. నీ ప్రకాశం కుర్రాడికి ఎవరూ ఇవ్వలేదా?

మావయ్య: నేనే ఇచ్చాను.

(చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. లోపలి గదిలోంచి నాయనమ్మ దగ్గు వినపడింది. అమ్మ లేవబోయి మళ్ళీ కూర్చుంది.)

మావయ్య: ఫైరింగ్ ఎప్పుడని చెప్పాడు?

అమ్మ: వచ్చే వారం కాదు, ఆ పై వారం.

మావయ్య: అయితే రేపే చెప్పాలి. ఆలస్యం చేస్తే ఆ వారంలోకి పోతుంది. నాకిష్టం లేదు, అది గుర్తుపెట్టుకో. చెప్తే మటుకు ఫోన్ ఎత్తగానే చెప్పు. ఆ కబురూ ఈ కబురూ చెప్పి చివర్లో చెప్పమాక, వాళ్ళకిచ్చేదే అరగంట, అడగడానికి వాడికి టైముండాలి. ఏడుస్తూ చెప్పమాక. అత్తయ్యను అప్పటికి కూర్చోబెట్టి ఉంచండి, వాడు చూడాలి. డిశ్చార్జి కాగితాలు ఎక్కడ పెట్టారు?

అమ్మ: ఎందుకవి?

మావయ్య: వాడు సెలవు అడగొచ్చు. ఇస్తారో ఇవ్వరో గానీ, అడిగితే ప్లటూన్ హవల్దార్ మొదట అడిగేది రుజువే. ఫొటో తీసి పెట్టుకో. జిరాక్స్ రెండు తీయించు. మాఘమాసం కాదుగా ఇది?

అమ్మ: కాదు.

మావయ్య: ఎన్నింటికి చేస్తాడు?

అమ్మ: అయిదుంపావుకి.

మావయ్య: నేను అయిదింటికొస్తా. ఫోన్ మొదట నాకివ్వమాక.