తొడ కండరం వారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ క్వాడ్రిసెప్స్ వారికి,

ఉభయకుశలోపరి అని రాద్దామంటే, కుశలంగా ఉన్నది తమరొక్కరే. మోకీలు మార్పిడి అయింది. అరిగిన ఎముక కోసి లోహం, ప్లాస్టిక్ అమర్చారు. ఎక్స్‌రే చూసి డాక్టరుగారు మురిసిపోయారు. చూడవచ్చినవాళ్లంతా కుట్ల గురించే అడిగారు. తమరెలా ఉన్నారని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. తమరికి అదే కలిసొచ్చింది.

ఫిజియోథెరపిస్టు వచ్చి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తమన్నారు. ఎత్తాను. అంటే, ఎత్తమని ఆర్డరు పంపాను. పళ్లు బిగించాను, దుప్పటి గుప్పిట పట్టాను, మడమ మాత్రం పరుపును వదల్లేదు. తొడ మీద చెయ్యి వేసి చూస్తే మెత్తగా ఉంది. బిగిస్తే పైకి జరగాల్సిన మోకాలిచిప్ప ఉన్నచోటే ఉంది. నా తొడే నా మాట వినకపోతే ఎవరితో చెప్పుకోను?

ఆరా తీస్తే అసలు సంగతి తెలిసింది. తమరు మరీ అంత చిక్కిపోలేదట! మొదటి నెలలో కండ తగ్గేది సుమారు పదో వంతు, బలం మాత్రం సగానికి పైగా పడిపోతుంది. మిగతా బలం ఎటు పోయినట్టు? కీలులో వాపు చేరగానే అక్కడి నరాలు వెన్నుపాముకి కబురు పెడతాయి. తమరికి రావాల్సిన సంకేతాలకు అది కత్తెర వేస్తుంది. నొప్పి లేకపోయినా సరే, వాపుంటే చాలు. ఇదంతా దెబ్బతిన్న కీలును కాపాడటానికట. ఆ కీలును కోసి పారేశారు మహాప్రభో! ఇంకా ఎవరికి కాపలా?

తొడకి ప్యాడ్లు అంటించి కాస్త కరెంటు పెడితే మాత్రం ఠక్కున బిగుసుకున్నారు. అంటే పని చేతకాక కాదు, పై నుంచి ఆర్డరు అందలేదన్న సాకు. పైగా ఈ బద్ధకం ఇప్పటిది కాదు. మోకాలు అరుగుతున్న రోజుల్లో, నొప్పని నేను ఆ కాలు మీద బరువు మోపనప్పుడే తమరు సగం రిటైరయ్యారు.

మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగా ఉంటుందన్న సలహా కూడా తమరిదేనని నా అనుమానం. ఆ హాయికి అలవాటు పడితే కాలు పూర్తిగా చాపడం రాదు. దిండు తీయించేశాను.

కుర్చీలోంచి లేచేటప్పుడు బరువంతా రెండో కాలి మీదకి నెట్టడం కూడా గమనిస్తూనే ఉన్నాను. ఏడాది గడిచినా చాలామందిలో తమరు ఈడువాళ్ల తొడలంత గట్టిపడరట. నడక వచ్చేసింది కదా అని మేం వ్యాయామం మానేస్తాం, తమరికి కావాల్సిందీ అదే. రేపటి నుంచి మెట్టెక్కి దిగే డ్యూటీ వేస్తున్నాను. రెండో కాలి సిఫార్సులు చెల్లవు.

ఇట్లు,
తమరు మోయాల్సింది పోయి, తమరినే మోస్తున్న యజమాని