బుగ్గల గుంతలు పూడ్చబడును

నేను ముసలాణ్ణి అవుతున్నాననుకున్నాను. కాదట. నా ముఖంలో వాల్యూమ్ లోటు వచ్చిందట. డాక్టరమ్మ నా చేతికి అద్దమిచ్చి, ముక్కు పక్కనుంచి పెదవి కొసదాకా దిగిన గీతను చూపించింది. ఇన్నాళ్లూ దాన్ని నవ్వి నవ్వి సంపాదించుకున్నాననే భ్రమలో ఉన్నాను. లోటుంటే పూడ్చాలి కదా, అందుకే ఫిల్లర్లు, అంటే చర్మం కింద సూదితో ఎక్కించే జెల్.

ఎక్కువగా ఎక్కించేది హైలురోనిక్ యాసిడ్. పేరు చూసి హడలిపోకండి, మన ఒంట్లోనే ఉండే, నీటిని పట్టి ఉంచే జిగురు అది. 1934లో దాన్ని మొదట పశువు కంట్లోంచి వేరుచేశారు. తర్వాత కోడిపుంజు తురాయి నుంచి కూడా తీశారు. అలా పుంజు నెత్తిన ఉండాల్సింది మనిషి పెదవికెక్కింది. ఇప్పుడు ఎక్కువగా బ్యాక్టీరియాతో తయారుచేస్తున్నారు. పుంజులు ఊపిరి పీల్చుకున్నాయి.

పందొమ్మిదో శతాబ్దం చివర్లోనైతే పారాఫిన్ మైనం ఎక్కించేవారు. అది చోటు మారి, గడ్డలు కట్టి, జీవితాంతం తోడుండేది. మనకా బాధ లేదు. ఇప్పటి జెల్ సుమారు ఆరు నెలల నుంచి ఏడాదిన్నరలో కరిగిపోతుంది, మళ్లీ వెళ్లాలి. రోడ్డు గుంతలు పూడ్చే కాంట్రాక్టర్లకు ఈ కిటుకు ఎప్పటినుంచో తెలుసు. సిరంజిలో ఉండేది సాధారణంగా 1 మిల్లీలీటరు, అంటే టీ చెంచాలో ఐదో వంతు. యౌవనం ఇంత తక్కువ జాగాలో పడుతుందని ఎవరికి తెలుసు!

పోసింది నచ్చకపోతే హైలురోనిడేస్ అనే ఎంజైమ్ పొడిచి కరిగిస్తారు. రోడ్డేసిన మర్నాడే తవ్వే శాఖ అన్నమాట. నవ్వులాట కాదుగానీ, ఈ శాఖ పక్కనే ఉండాలి. జెల్ పొరపాటున రక్తనాళంలోకి వెళ్తే చర్మం చచ్చుబడుతుంది, అరుదుగా చూపే పోతుంది. ఇది తెలిసీ, జెల్‌ను ఒత్తిడితో చర్మంలోకి చిమ్మే సూది లేని పెన్నులు కొని ఇంట్లో తామే ఎక్కించుకునే ధీరులున్నారు. వాటిని వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరించింది. కళాపోషణ తెలియని సంస్థ!

నా కనుబొమల మధ్య రెండు నిలువు గీతలున్నాయి. పిల్లలు అల్లరి చేస్తే నోరు తెరవకుండా వాటితోనే ఇల్లు నడుపుతున్నాను. పోనీ అవైనా పూడ్చమన్నాను. చూపు పోయే ప్రమాదం ఎక్కువున్న చోట్లలో అదొకటని డాక్టరమ్మే వద్దంది. ముక్కన్నాను. అదీ అంతేనట. ఆ మాట వినగానే నా గీతలు రెండూ మరింత లోతుగా పడ్డాయి. అద్దం తిరిగి ఇచ్చేసి వచ్చాను.