ఇల్లు కట్టేవాళ్లకు ఒక మాట: నాలుగు గజాల మన్ను వదలండి

పోయిన వారం మా వీధిలో ఒక కొత్త ఇంటి గృహప్రవేశానికి పోయొచ్చాం. 200 గజాల జాగ. ముందు పార్కింగ్ టైల్స్, పక్కన బండలు, వెనక గోడ దాకా సిమెంటు. తులసమ్మ కూడా టైల్స్ మీద కుండీలోనే ఉంది. భోజనం చేసి బయటికొచ్చి చెప్పులేసుకుంటుంటే మా అత్తమ్మ మెల్లగా అన్నది: "ఇంత పెద్ద ఇంట్ల పిడికెడు కొత్తిమీర ఏసుకునే జాగ లేదా బిడ్డా?"

ఆ మాట వారం నుంచి నన్ను వదలడం లేదు. నల్లగొండలో ఇప్పుడు ఏ కాలనీకి పోయినా ఇదే వరస. లక్షలు పోసి ఇల్లు కడతాం, ఆకుకూర కట్ట కోసం రోజూ బండివాడి కేక వినపడుతుందా అని గేటు దగ్గర నిలబడతాం.

2021లో మేం కట్టుకున్నప్పుడు మాకూ మేస్త్రీ అదే చెప్పాడు. "అక్కా, గీ మన్ను ఇడిసిపెడితే బురదైతది, పాములొస్తయ్, గోడకు చెమ్మెక్కుతది. మొత్తం బండలేపిద్దాం, కడుక్కోనీకి మంచిగుంటది." మా ఆయన కూడా సరే అన్నాడు. నేను ఒప్పుకోలేదు. వెనక పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు వదిలించుకున్నా. గోడకు, మడికి మధ్య రెండడుగులు ఎడం పెట్టించాం. ఇన్నేళ్లలో గోడకు చెమ్మ రాలేదు, పాము రాలేదు.

ఏడాదంతా కూరగాయలు పండించమని నేను చెప్పడం లేదు. మే నెలలో 44, 45 డిగ్రీలు చూసే ఊరు మనది. ఆ ఎండలో కొత్తిమీర వేస్తే నాలుగు ఆకులు రాకముందే పువ్వు ఎత్తుతుంది, పాలకూర వాడి పడుకుంటుంది. కానీ దసరా దాటినప్పటి నుంచి శివరాత్రి దాకా మన నేల మీద ఆకుకూర పెంచడానికి పెద్ద విద్యలేమీ అక్కర్లేదు. పొద్దున మంచు, పగలు మెత్తటి ఎండ, తెగుళ్లు తక్కువ. పాలకూర, మెంతికూర నెల రోజుల్లో కోతకొస్తాయి. కొత్తిమీర నలభై, నలభై అయిదు రోజులు. ఇంత సులువైన కాలాన్ని బండల కింద పూడ్చిపెట్టుకుంటున్నాం, నా బాధంతా అదే.

కట్టేవాళ్లు ముందే ఆలోచించాల్సింది ఒకటుంది. వాస్తు ప్రకారం ఉత్తరం వైపు ఎక్కువ జాగ వదులుతాం కదా. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి జరుగుతాడు కాబట్టి ఇంటి నీడ సరిగ్గా ఆ ఉత్తరం వైపే పడుతుంది. డిసెంబర్‌లో మన దగ్గర పన్నెండు అడుగుల ఎత్తు ఇంటికి మిట్టమధ్యాహ్నం కూడా దాదాపు పది అడుగుల నీడ ఉంటుంది. అంటే ఉత్తరాన వదిలిన అయిదడుగుల సందులో ఆ కాలమంతా ఎండ ఉండదు. తూర్పున వదలండి. వాస్తుకూ ఇబ్బంది లేదు, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఎండ వస్తుంది, ఆకుకూరలకు అది చాలు. మాది పడమర ముఖం ఇల్లు, వెనకంతా తూర్పు, అలా కలిసొచ్చింది.

ఇక మన్ను. కొత్త ఇంట్లో వదిలిన జాగలో ఉండేది మన్ను కాదు, మొరం. దానికి తోడు కంకర, సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు. మొదటి ఏడాది అందులోనే మెంతులు చల్లాను. మొలిచాయి, బెత్తెడు కూడా లేవకుండానే పసుపుబారిపోయాయి. ఆ తర్వాత అడుగున్నర లోతు తవ్వించి తీసేసి, చెరువు మట్టి, మా ఊరి నుంచి తెచ్చిన మాగిన పెంట కలిపి నింపాం. మిషన్ కాకతీయ పథకంలో చెరువుల పూడిక తీసినప్పుడు రైతులు ట్రాక్టర్లకొద్దీ చెరువు మట్టి చెల్కల్లో పోసుకున్నది ఊరికే కాదు. వీడియోల్లో చూసి కొబ్బరి పొట్టు ఇటుకలు ఆన్‌లైన్‌లో తెప్పించుకునే వాళ్లను చూస్తుంటే నాకు మనసున పట్టదు. మనది పశువులున్న జిల్లా. చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా పెంటకుప్ప ఉంటుంది. కాకపోతే పచ్చి పేడ వేయకండి. ఆరు నెలలైనా మాగాలి, లేకపోతే వేరుపురుగు, కలుపు రెండూ దాంతోపాటే వస్తాయి.

నీళ్ల గురించి నేను చేసిన తప్పు చెప్పాలి. మన జిల్లాలో బోరు నీళ్ల సంగతి అందరికీ తెలుసు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్‌తో వంగిన నడుములు చూస్తూ పెరిగినవాళ్లం. అందుకే ఇంటింటికీ వాటర్ ఫిల్టర్ మిషన్. దాని పక్క పైపు నుంచి వచ్చే నీళ్లు వృథా అవుతున్నాయి కదా అని రోజూ బకెట్‌లో పట్టి మడికి పోశాను. నెల తిరక్కుండానే పాలకూర ఆకుల అంచులు మాడిపోయాయి, మడి మీద తెల్లటి పొర తేలింది. మిషన్ మన గ్లాసులోకి రాకుండా ఆపిన ఉప్పులు, ఫ్లోరైడ్ అన్నీ ఆ పక్క నీళ్లలోనే చిక్కగా ఉంటాయని అప్పుడు తెలిసొచ్చింది. దయచేసి ఆ నీళ్లు మొక్కలకు పోయకండి. బాత్రూంలు కడుక్కోండి. మా మడికి ఇప్పుడు బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్లు, చాలకపోతే నల్లా నీళ్లు. చలికాలంలో ఇంతే సరిపోతుంది, తడి రెండు రోజులు ఆరదు. ఇంటింటికీ నల్లా నీళ్ల పథకం మిషన్ భగీరథ పైలాన్ 2015లో మన చౌటుప్పల్‌లోనే లేచింది, కృష్ణ నీళ్లు ఇంటికొచ్చాయి. ఆ నీళ్లతో పైపు పెట్టి బండలు కడుగుతున్నాం గానీ నాలుగు చెంబులు మన్నుకు పోయడానికి మనకు జాగ లేదు.

కొత్తిమీర మొలవదని చాలామంది నాతో అంటారు. మా అత్తమ్మ వేస్తుంటే చూడాలి. ధనియాలను బండ మీద పోసి, చెప్పు అడుగుతో మెత్తగా రుద్దుతుంది. నూరడం కాదు, బరువు ఆనించి రుద్దడమే. ఒక్కో ధనియం రెండు బద్దలవుతుంది. ఆ రెండు బద్దల్లోనూ విత్తనం ఉంటుంది. రాత్రంతా నానబెట్టి, పొద్దున వడగట్టి, బూడిదలో పొర్లించి, గీతలు గీసిన మడిలో చల్లి, పైన పల్చగా మట్టి కప్పి, తడిపిన గోనెసంచి పరుస్తుంది. ఏడో రోజు నుంచి రోజూ పొద్దున సంచి అంచు లేపి చూస్తుంది. తెల్లటి మొలక వంగి కనిపించిన రోజే సంచి తీసేయాలి, ఒక్కరోజు ఆలస్యమైతే మొలకలు గోనె పోగుల్లో చిక్కుకుని తెగిపోతాయి. పాత ధనియాలైతే ఇదంతా చేసినా మొలవవు. ఒకసారి బజారులో కొన్న విత్తనాల ప్యాకెట్ మీద తేదీ ఉన్నచోట ఇంకో స్టిక్కర్ అంటించి ఉంది. ఇంటికొచ్చి గోటితో గీకి చూస్తే గడువు దాటి ఏడాది. అప్పటి నుంచి తేదీ చూడందే కొనను.

చిన్న జాగలో ఏం వేయకూడదో కూడా చెప్తాను. గోబిపువ్వు వేయకండి. ఒక్క మొక్క అడుగున్నర మేర ఆక్రమించి, మూడు నెలలు కూర్చుని, ఒక్క పువ్వు ఇస్తుంది. ఆ జాగలో మెంతికూర మూడు సార్లు తీయొచ్చు. టమాట కూడా డబ్బు కోసమైతే వద్దు, చలికాలంలో బజారులోనే చవగ్గా దొరుకుతుంది, పైగా పండగానే కోతులు ముందొస్తాయి. మా ఇంట్లో మెంతి, కొత్తిమీర, ఉల్లాకు జోలికి మాత్రం కోతులు ఇంతవరకు రాలేదు. పుదీనా వేరే డబ్బాలో పెట్టండి, మడిలో పెడితే మడంతా దానిదే.

కానీ గోడ వారగా ఒక్క పందిరి చిక్కుడు తీగ తప్పకుండా ఉండాలి. వానాకాలం మొదట్లో పెట్టిన గింజ దసరా దాకా ఆకు తప్ప పువ్వు చూపించదు. మా పక్కింటి వదిన విసిగిపోయి పీకేద్దామనుకుంది, నేనే ఆపాను. పాత రకం చిక్కుడు పగలు తగ్గితేనే పూస్తుంది. జూన్‌లో పదమూడు గంటలు దాటే పగలు డిసెంబర్‌కు పదకొండు గంటలకు వస్తుంది. దీపావళి వెళ్లాక ఆ తీగ మీద ఊదారంగు గెలలు తేలాయి. సంక్రాంతి నాటికి వదిన గిన్నె పట్టుకుని మాకే కాయలు తెచ్చిచ్చింది.

చలి ముదిరితే చిక్కుడు కొసలకు పేనుబంక పడుతుంది, నల్లగా, జిగటగా. దాని మీద చీమలు బారులు కడతాయి. అది చూడగానే మందు డబ్బా కోసం పరిగెత్తకండి, ఆ కాయ మన పిల్లలు తినేది. పొద్దున మంచు తడి ఉండగా బూడిద చల్లితే ఆకుకు అంటుకుంటుంది. పట్టిన కొసలు తుంచి పారేయండి. లీటరు నీళ్లలో అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు కలిపి సాయంత్రం కొట్టండి. ఎర్రటి అక్షింతల పురుగులు కనిపిస్తే కొట్టడం ఆపేయండి. పేనుబంకను తినేది అవే.

బజారులో పది రూపాయలకు కట్ట దొరుకుతుంటే ఇంత కష్టం ఎందుకని మా ఆఫీసులో అడుగుతారు. ఆ కట్ట ఏ నీళ్లతో పండిందో మనకు తెలియదు. హైదరాబాద్ మురుగు మోసుకుంటూ మూసీ మన జిల్లా మీదుగానే వాడపల్లి దాకా పోతుంది, దాని ఒడ్డున పండే పంటల గురించి మనకు వేరే చెప్పాలా? ఇంకోటి, పొద్దున తెంపిన మెంతికూర పావుగంటలో పప్పులో పడితే వచ్చే వాసన, జొన్నరొట్టెతో ఉల్లాకు కోడిగుడ్డు కూర, ఇవి రాత్రంతా గోనెసంచిలో మగ్గి వచ్చిన కట్టతో రావు.

మా అత్తమ్మ ఊరు వదిలి మా దగ్గరికి వచ్చిన కొత్తలో రోజంతా టీవీ ముందు కూర్చునేది, ఎప్పుడు ఊరికి పంపిస్తారని వారానికోసారి అడిగేది. మడి తయారయ్యాక ఆ మాట అడగలేదు. పొద్దున చీర కొంగు నెత్తికి చుట్టుకుని మడి దగ్గర కూర్చుంటే ఆమెను టీకి రెండుసార్లు పిలవాలి.

అద్దె ఇళ్లలో ఉన్నవాళ్లు 20 లీటర్ల పెయింట్ బకెట్లకు అడుగున నాలుగు చిల్లులు పెట్టండి, మెంతికి అరడుగు లోతు మట్టి చాలు. సొంతిల్లు కడుతున్నవాళ్లు మాత్రం ఫ్లోరింగ్ మొదలు కాకముందే మేస్త్రీతో మాట్లాడండి. నాలుగు గజాలంటే ఆరడుగులకు ఆరడుగులు, అంతే. సున్నం ముగ్గుతో గీత గీసి చూపించండి, నోటిమాట వాళ్లకు గుర్తుండదు. చిక్కుడు గింజలు కావాలంటే కామెంట్‌లో చెప్పండి. తీగ మీద ముదురు కాయలు వదిలిపెట్టాం, శివరాత్రి తర్వాత ఎండినవి ఒలిచి ఇస్తాను.